గుట్ట మీద టిఫిన్ డబ్బా

(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫోన్లు జేబులో పెట్టమని నేను చెప్పను. ఇవాళ నా మాట ఆ ఫోన్ గురించే.

నేను బీఈడీ చేసి, కొంతకాలం పాఠాలు చెప్పి, తర్వాత గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌గా వచ్చినదాన్ని. వయసు నలభై దాటింది. పొద్దున హాజరు, సరుకుల లెక్క, సాయంత్రం స్టడీ అవర్, రాత్రి ఎవరికైనా జ్వరం వస్తే మందు. నా రోజు ఇట్లనే గడుస్తుంది. ఇట్లాంటి మనిషికి ఒక ఆట పిచ్చి ఉందంటే మీకు నవ్వొస్తుంది. ఆ ఆట పేరు జియోక్యాచింగ్.

ఆట చాలా చిన్నది. ఒకరు ఒక డబ్బాను ఎక్కడో దాచిపెడతారు. ఆ చోటు అక్షాంశం, రేఖాంశం అంకెల్లో అందరికీ చెబుతారు. మిగతావాళ్లు ఫోన్‌లోని జీపీఎస్ పట్టుకుని వెతుక్కుంటూ పోతారు. దొరికితే డబ్బాలోని పుస్తకంలో పేరు, తేదీ రాస్తారు. ఒక వస్తువు తీసుకుంటే ఇంకో వస్తువు పెడతారు. డబ్బాను ఉన్నచోటనే ఉంచి వస్తారు.

ఇది 2000 సంవత్సరంలో అమెరికాలో మొదలైంది. అంతకుముందు మామూలు జనానికి అందే జీపీఎస్ సంకేతాన్ని అక్కడి ప్రభుత్వం కావాలనే కొంత చెడగొట్టి వదిలేది. దాదాపు 100 మీటర్ల తేడా వచ్చేది. 2000 మే 2న ఆ అడ్డు తీసేశారు. మరునాడే, అంటే మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో ఒక నల్ల బకెట్టును అడవి అంచున పెట్టి, దాని అంకెలను ఇంటర్నెట్‌లో చెప్పాడు. అందులో పుస్తకాలు, కొంత డబ్బు, ఒక వడిసెల, ఒక చిక్కుడుగింజల డబ్బా కూడా ఉన్నాయట. మూడు రోజుల్లోనే దాన్ని ఇద్దరు కనుక్కున్నారు. ఇప్పుడు 190కి పైగా దేశాల్లో ఇట్లాంటివి 30 లక్షలకు పైగా ఉన్నాయి.

నాకు ఈ ఆట నేర్పింది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే నా మేనల్లుడు. ఒక సెలవు రోజు, "అత్తా, ఒక నిధి వెతుకుదాం రా" అని పార్కుకు తీసుకుపోయాడు. గంటసేపు ఒక గోడ చుట్టూ తిరిగినం. చివరికి రాళ్ల సందులో నా బొటనవేలంత డబ్బా దొరికింది. లోపల చుట్టి పెట్టిన కాగితం, దాని మీద ఎవరెవరివో పేర్లు. దాని ఖరీదు పది రూపాయలు కూడా ఉండదు. కానీ ఆ రోజు నాకు పదో తరగతి ఫలితాలు చూసుకున్నంత సంతోషమైంది. ఆ గోడ పక్కనుంచి అంతకుముందు ఎన్నోసార్లు పోయిన. ఒక్కసారీ దాన్ని చూడలేదు.

హాస్టల్‌కు వచ్చి పిల్లలతో మొదలుపెట్టిన. ముందు మా ఆవరణలోనే. దీంతో లెక్కలు ఎట్లా వస్తాయో వినండి. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. దశాంశ బిందువు తర్వాత మొదటి అంకె మారితే 11 కిలోమీటర్లు, మూడో అంకె మారితే 110 మీటర్లు, ఐదో అంకె మారితే సుమారు ఒక మీటరు. ఒక ఆదివారం ఒక జట్టు మూడో అంకెను తప్పు రాసుకుని పక్కనున్న పత్తి చేనులోకి పోయింది. చేను ఆసామి తిట్టిండు. క్షమించమని అడిగి వచ్చినం. ఆ సాయంత్రం ఆ తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టింది దశాంశాలంటే భయపడే తొమ్మిదో తరగతి పిల్ల. "మేడం, ఒక్క అంకెకు ఇంత దూరమా" అంది. నేను బోర్డు మీద ఎంత చెప్పినా రానిది చేనులో తిట్లు తిన్నాక వచ్చింది.

ఇంకో సంగతి. ఫోన్‌లో నెట్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. అది దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుంచి వస్తుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతం అందితే మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. మ్యాపును ముందే దించుకుంటే చాలు, సిగ్నల్ లేని తండాలో కూడా దారి దొరుకుతుంది. మన దేశానికీ నావిక్ అనే సొంత ఏర్పాటు ఉంది. దాని మొదటి ఉపగ్రహాన్ని 2013 జులై 1న శ్రీహరికోట నుంచి పంపారు.

ఇక అసలు సంగతి, నా తప్పు చెబుతా.

పోయిన ఏడాది చలికాలంలో పదకొండు మంది పిల్లలను జఫర్‌గఢ్ గుట్టకు తీసుకుపోయిన. జఫరుద్దౌలా పేరు మీద జఫర్‌గఢ్ అయింది గానీ, దీనికి వేల్పుకొండ అన్న పాత పేరు కూడా ఉంది. 2016 అక్టోబరు 11న మన మండలం వరంగల్ నుంచి జనగామ జిల్లాకు మారింది. పేర్లు మారినై, జిల్లా మారింది, ఆ కోట గోడల అక్షాంశం మాత్రం మారలేదు. పిల్లలకు అది చూపిద్దామనుకున్న. తల్లిదండ్రులకు చెప్పిన, ఆఫీసులో అనుమతి తీసుకున్న, మా వంట అక్కను తోడు తెచ్చుకున్న. ఊర్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? ఆట తెలియనివాళ్లను ఈ ఆటలో మగుల్ అంటారు. హ్యారీ పోటర్ కథల నుంచి తెచ్చుకున్న మాట. వాళ్ల కంట పడకుండా డబ్బా పెట్టడం, తీయడం ఆటలో ఒక నేర్పు. నేనూ పిల్లలకు అదే చెప్పిన. "ఎవరైనా వస్తే చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు కూర్చోండి" అన్న.

ఒక స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చుకున్నం. పిల్లలు అందులో తమకు ఇష్టమైనవి పెట్టారు. అమ్మమ్మ కాంచళి నుంచి ఊడిన అద్దం ముక్కలు, గవ్వలు, ఒక గాజు, ఒక పాత నాణెం. చెమ్మ తగలకుండా ఎర్ర గుడ్డలో కట్టినం. గోడ దగ్గర వంగి చోటు వెతుకుతుంటే నలుగురు యువకులు వచ్చారు. వాళ్లను చూసి పిల్లలు నేను నేర్పినట్టే డబ్బా దాచి చెప్పులు సర్దుకున్నారు.

మన దగ్గర గుట్టలు, కోటలు, పాత గుళ్లు ఎట్లా పాడవుతున్నాయో మీకు తెలుసు. గుప్తనిధులంటూ రాత్రిపూట తవ్వుతారు. ఆ యువకులు మా ఎర్ర మూట విప్పితే గవ్వలు, అద్దాలు! ఇంకేముంది. "ఏం తవ్వుతున్నరు? ఎవ్వరు మీరు? ఏ తండా?" అని అడిగారు. గొంతులు పెరిగాయి. ఇంకా మనుషులు పోగయ్యారు. నేను గుర్తింపు కార్డు చూపించినా అరగంట సేపు నమ్మలేదు. ఒక పిల్ల నా కొంగు పట్టుకుని ఏడుస్తూ, "మేడం, మనం దొంగలమా?" అంది.

ఆ మాటకు నాకు జవాబు రాలేదు. మన లాంటి సంచార జాతులను బ్రిటిష్ వాళ్లు 1871 నేరస్థ జాతుల చట్టం కింద చాలాచోట్ల పుట్టుకతోనే అనుమానితుల జాబితాలో రాశారు. అది 1952లో రద్దయింది. ఆ చరిత్ర తెలిసిన దాన్ని, పిల్లలకు తల ఎత్తుకుని నడవమని రోజూ చెప్పేదాన్ని, నేనే వాళ్లను చాటుగా కూర్చోబెట్టిన. ఆ యువకులను నేను తప్పు పట్టను. వాళ్లు తమ కోటను కాపాడుకోవడానికి వచ్చారు. అడగకుండా వాళ్ల గుట్ట మీదికి పోయి, కనబడగానే మూట దాచింది మేము.

అప్పుడు మేకలు కాసే ఒక తాత ముందుకొచ్చి డబ్బాలోని నోటు పుస్తకం తీసి, ఏడుస్తున్న పిల్ల చేతికిచ్చి చదవమన్నాడు. ఆ పిల్ల చదివింది. "ఈ డబ్బా కనుక్కున్నవాళ్లకు నమస్కారం. మీ పేరు, తేదీ రాయండి. ఒక వస్తువు తీసుకుంటే ఇంకొకటి పెట్టండి. బండలను కదిలించకండి." తాత నవ్వి, "దీనికేనా బిడ్డా మమ్ముల జూసి దాసుకున్నది? అడిగితే నేనే మంచి జాగ సూపెట్టెటోణ్ణి గద" అన్నాడు.

అట్లనే చూపించాడు కూడా. ఏ గుంటలో వాన నీళ్లు సంక్రాంతి దాకా ఉంటాయో, ఏ బండ కింద వడగండ్ల వానకు పది మేకలు పడతాయో, ఎటు పోతే కాలు జారుతుందో అన్నీ చెప్పాడు. ఆ యువకులే మా పిల్లల నీళ్ల సీసాలు మోశారు. మా ఫోన్లు ఐదు మీటర్ల తేడాతో చెప్పేది తాత వేలితో చూపించాడు.

డబ్బాను గుట్ట మీద పెట్టకుండా వెనక్కి తెచ్చుకున్నం. ఈ ఆట నియమాల్లో కూడా ఉంది, చోటు యజమాని ఒప్పుకోవాలి, నేల తవ్వొద్దు, దేన్నీ పాడుచేయొద్దు. మొట్టమొదటి బకెట్టును సగం పూడ్చిపెట్టారు గానీ, తర్వాత పూడ్చడమే వద్దన్నారు. మన చట్టం ఇంకా గట్టిది. 1878 నుంచి ఉన్న నిధుల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి. దాచుకుంటే నేరం. వారసత్వ కట్టడాల కోసం 2017లో తెలంగాణ చట్టం కూడా వచ్చింది. గుప్తనిధి పేరుతో ఎవరైనా మిమ్మల్ని పిలిస్తే పోకండి. నిమ్మకాయలు మోసేది మీరు, కేసు మీ మీద, డబ్బులుంటే వాళ్లవి.

ఇప్పుడు మా ఆట మారింది. మా అంకెలు డబ్బా దగ్గరికి తీసుకుపోవు. ముందు ఒక మనిషి దగ్గరికి తీసుకుపోతాయి. ఆ మేకల తాత లాంటి పెద్దమనిషి, ముందే ఒప్పుకున్నవాళ్లు. పిల్లలు నమస్కారం పెట్టి, తాము ఎవరో చెప్పి, ఆ చోటు గురించి రెండు ప్రశ్నలు అడగాలి. రెండో గుర్తు ఆయన నోటితో చెబుతాడు. మగుల్ అన్న మాట మా హాస్టల్‌లో వాడం. ఆ చోట బతికే మనిషిని ఆట తెలియనివాడని ఎట్లా అంటాం?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దారి వెతకడం మనకు కొత్త విద్య కాదు. మన పెద్దలు లదేణి కాలంలో ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా నడిచారు. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు నుంచి వచ్చిన టవెర్నియే అనే వర్తకుడు, పది పన్నెండు వేల ఎడ్లు ఒకే బిడారులో నడవడం గురించి రాశాడు. అన్ని పశువులకు పూటపూటకు నీళ్లు, మేత ఎక్కడ దొరుకుతాయో తెలియకుండా ఆ ప్రయాణం సాగదు. అట్లాంటి వాళ్ల పిల్లలం, ఇవాళ మన తండా ఎక్కడుందో ఫోన్‌లో అడిగితే చూపించలేకపోతున్నం.

ఇది నవ్వులాట సంగతి కాదు. మా హాస్టల్ పిల్ల ఒకామె వాళ్ల యాడికి రాత్రి నొప్పులు మొదలైనై. అంబులెన్సు బయలుదేరింది, కానీ అదే పేరున్న ఇంకో తండాకు పోయింది. మన తండాలకు నాయక్‌ల పేర్లే కదా, ఒకే పేరు పది చోట్ల ఉంటుంది. ఫోన్‌లో ఈ పక్కనుంచి "తుమ్మ చెట్టు దాటినంక" అంటారు, ఆ డ్రైవరుకు ఏ తుమ్మ చెట్టో తెలియదు. ఆఖరికి సెలవుకు ఇంటికి పోయిన మా పిల్లే ఇంటి అంకెలు ఫోన్‌లో చూసి చదివింది. బండి వచ్చింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆ పిల్ల నాతో, "మేడం, ఈసారి మూడో అంకె తప్పు పోలేదు" అంది.

2018 చట్టంతో మన తండాలు ఎన్నో గ్రామ పంచాయతీలయ్యాయి. కాగితం మీద గుర్తింపు వచ్చింది. మ్యాపు మీద గుర్తు పెట్టడానికి జీవో అవసరం లేదు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా పేరు చేర్చవచ్చు. మీ తండా పేరు, బడి, అంగన్‌వాడీ, నీళ్ల ట్యాంకు, వానకాలంలో మునిగే కల్వర్టు, ఇవి మీరే చేర్చండి. పెద్దలను అడిగి, పేరు సరిగ్గా పలికి, సరిగ్గా రాయండి. తండా మొదట్లో ఒక గోడ మీద అంకెలు పెద్దగా రాయించండి. ఆపద వేళ ఎవరైనా చదివి చెప్పగలగాలి.

వార్డెన్‌గా ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆడపిల్లల ఇల్లు, హాస్టల్ గది, స్నానాల రేవు, ఇవి మ్యాపు కోసం కాదు. పిల్లల ఫోటోతో లొకేషన్ కలిపి ఎక్కడా పెట్టకండి. ఒంటరిగా గుట్టకు పోకండి. బావి గట్టున వెనక్కి నడుస్తూ ఫోన్ చూడకండి. రాళ్ల సందులో చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించండి, పాముకు మన ఆట తెలియదు.

ఆనాడు ఏడ్చిన పిల్ల ఇవాళ ఇక్కడే ఉంది. ఈ ఆవరణలో ఒక టిఫిన్ డబ్బా పెట్టింది తనే. అదే స్టీలు డబ్బా, అవే గవ్వలు, అవే అద్దాలు, ఈసారి గుడ్డలో కట్టలేదు. అంకెలు గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉన్నాయి. భోజనాలయ్యాక వెతకండి. ముందు గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్ కాకాకు నమస్కారం పెట్టి అడగండి. మిగతా సగం గుర్తు ఆయన దగ్గరే ఉంది.

జై సేవాలాల్.