చెరసాల చికిత్సాలయం కాదు

కోడుమూరు వంటి ఊరిలో మతి చలించిన వాడొకడు అర్ధరాత్రి అంగడి తలుపుపై రాళ్ళు విసిరినాడనుకొందాం. నలుగురూ పట్టి ఠాణాకు అప్పగిస్తారు. వారిని నేను తప్పు పట్టను. మరెక్కడికి కొనిపోవలెనో వారికి ఎవరు చెప్పినారు?

నేరమెరుగని మనోరోగులను చెరసాలలో ఉంచుట రాజ్యాంగవిరుద్ధమని షీలా బర్సే వ్యాజ్యంలో 1993లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకా స్పష్టంగా పలికినది. వీధుల తిరుగాడే రోగిని, తనకో పరులకో అపాయం తేగలవానిని పోలీసులు రక్షణలోనికి తీసుకొనవలె. 24 గంటలు మించకుండా సమీప ప్రభుత్వ వైద్యశాలకు చేర్చవలె. లాకప్పులో గాని జైలులో గాని ఉంచరాదు.

చట్టం బాగున్నది. కాని ఆ రాత్రి బండి ఎవరిది? కర్నూలు పెద్దాసుపత్రికి వెంట ఎవరు పోవలె? తిరిగి వచ్చిన పిమ్మట మాత్రలు ఎవరు చూచుకొనవలె? ఠాణా అధికారి, ఆరోగ్య కేంద్రపు వైద్యుడు, పంచాయతీ పెద్దలు, రోగి ఇంటివారు ముందే కూర్చుండి దీనిని వ్రాసుకొనవలె.

మన పొరుగున బళ్ళారి జిల్లాలో ఇందుకు దారి కనబడినది. 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ సంస్థవారు అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, కార్యకర్తలకు శిక్షణ ఇచ్చినారు. ఊరి చేరువనే మందు దొరికినది. 1996లో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే మాదిరి అయినది.

మూడవ ప్రశ్నయే మన సీమలో కఠినం. ఇల్లంతా సుగ్గికి గుంటూరు వైపు తరలిపోతుంది. రోగి ముసలితల్లి వద్ద మిగులుతాడు. మాత్రలు ఆగిపోతాయి, జబ్బు తిరగబెడుతుంది. బయలుదేరే ముందే ఆశా కార్యకర్త ఆ తల్లికి మాత్రల లెక్క అప్పగించి, వారానికొకమారు గడప తొక్కి రావలె.