పంచాయితీ పైసలకు లెక్క అడిగేది మనమే
(టేకులపల్లిలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాయితీ సొమ్మంటే ఎవరో పెట్టే భిక్ష అనుకుంటున్నాం మనం. నల్లా వేస్తే దండం పెడుతున్నాం. వీధిలైటు వెలిగితే "ఫలానాయన వేయించిండు" అంటున్నాం. ముందు ఈ మాటను మనసులోంచి తీసెయ్యాలె.

ఇంటిపన్ను కట్టేది మనం. సబ్బుబిళ్ళ మీద, చెప్పుల జత మీద పన్ను కట్టేదీ మనమే. ఆ పన్నులే ఢిల్లీకి పోయి ఆర్థిక సంఘం నిధులై తిరిగొస్తయి. 2021 నుంచి 2026 దాకా గ్రామీణ స్థానిక సంస్థలకు 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసింది 2,36,805 కోట్లు. అందులో 60 శాతం తాగునీటికీ, పారిశుధ్యానికీ కేటాయించిన్రు. మరి ఊరి మురుగంతా వాడ చివరికే ఎందుకు పారుతది?

మండల, జిల్లా పరిషత్తుల సాధారణ నిధుల్లో 15 శాతం ఎస్సీలకు, 6 శాతం ఎస్టీలకు, 15 శాతం స్త్రీ శిశు సంక్షేమానికి అని లెక్క ఉన్నది. ఆ 15 శాతం ఏ వాడలో ఏ పని అయిందో అడిగినోళ్ళు ఎందరు?

మన మండలంలోనే కోయగూడెం బొగ్గు గని ఉన్నది. 2015 చట్టం ప్రకారం పాత గని లీజులున్నవాళ్ళు రాయల్టీ మీద 30 శాతం వరకు జిల్లా ఖనిజ నిధికి కట్టాలె. అది గని దుమ్ము తాగే ఊర్ల కోసం. ఆ పైసలు జిల్లా కేంద్రంలో ఉంటయి, దుమ్ము మాత్రం మన ఊర్లెనే ఉంటది.

2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా మన రాష్ట్రంలో సర్పంచులు లేరు, ప్రత్యేకాధికారులు నడిపిన్రు. ఎన్నికల్లేవని కేంద్ర నిధులు ఆగినయి. పంచాయితీ సఫాయి కార్మికులు నెలల తరబడి జీతాల కోసం ఎదురుచూసిన్రు. చీపురు పట్టేది ఏ కులమో మీకు చెప్పాలా?

ప్రజల సొమ్ము ఎవరిదన్న కొట్లాట కొత్తది కాదు. ప్రభుత్వ నిధులతో కట్టిన, నడిచే నీటి వనరులు అంటరానివాళ్ళకూ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ కూడా ఒప్పుకున్నది. అయినా చౌదార్ చెరువు నీళ్ళు దక్కలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచిపోయి దోసిలి పట్టేదాకా తీర్మానం కాగితంగానే ఉండె. కాగితం తనంతట తాను నడిచి రాదు.

మన చేతిలో ఉన్న కాగితం పేరు పెసా, 1996 నాటి చట్టం. షెడ్యూల్డు ప్రాంతంలో పంచాయితీ చేసిన ఖర్చుకు గ్రామసభే ధ్రువీకరణ ఇయ్యాలని అందులో ఉన్నది. పథకాల లబ్ధిదారులను గుర్తించేదీ గ్రామసభే. ఓటరు లిస్టులో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభే. అంటే మాలలం, మాదిగలం మనమూ గ్రామసభే. కానీ జరుగుతున్నదేంది? సభ ఉందని డప్పు కొట్టేది మనం, కొట్టి ఇంటికి పోయేదీ మనమే. సంతకాలు తర్వాత ఇంటింటికీ తిరిగి పెట్టించుకపోతరు.

ఇక్కడ సర్పంచు పదవులు ఆదివాసులకు రిజర్వు. దాని మీద మనకు పేచీ లేదు, అది వాళ్ళ హక్కు. కోయగూడేనికీ, లంబాడా తండాకూ, మన వాడకూ మధ్య కొట్లాట పెట్టి, బిల్లులు మింగే కాంట్రాక్టరుతోనే మన పేచీ. అందుకే లెక్క ముగ్గురం కలిసి అడగాలె.

వచ్చే గ్రామసభకు పనికి పోకుండా రండి. ఆడోళ్ళు ముందు కూర్చోండి. ఎంత వచ్చింది, ఎక్కడ పెట్టిన్రు, మా వాడకు ఎంత అని మూడే ప్రశ్నలు అడగండి. జవాబు చదివి వినిపించేదాకా వేలిముద్ర వెయ్యకండి.

జై భీమ్.