పిల్లలు చూపిన అయిదు నిమిషాలు

(ఆలయ వార్షికోత్సవ సభలో, విద్యార్థి బృందాల లఘుచిత్ర పోటీ బహుమతి ప్రదాన సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



మన వార్షికోత్సవంలో ప్రతి ఏటా కూచిపూడి నాట్యం ఉంటుంది, అన్నమయ్య సంకీర్తనలు ఉంటాయి, పద్యపఠనం పోటీ ఉంటుంది. ఈ ఏడు వాటి సరసన లఘుచిత్రాల పోటీ చేరింది. విషయం ఒక్కటే: బడిలో నా జీవితం. బృందంలో నలుగురికి మించరాదు, చిత్రం అయిదు నిమిషాలు దాటరాదు, చేతి ఫోనే కెమెరా. ఈ ప్రకటన వెలువడిన నాడు ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "గుడికీ ఈ వీడియోలకూ ఏమిటండీ సంబంధం?" అని అడిగారు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

పూర్తిగా తెలుగులో తీసిన తొలి టాకీ హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వంలో 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’. మన భాష వెండితెరమీద గొంతు విప్పి చెప్పుకొన్న ఆ కథ భక్తుని కథ అని మనకు తెలుసు. అది ఒక బడిపిల్లవాని కథ కూడానన్న సంగతి తరచు మరచిపోతాము. భాగవతం సప్తమ స్కంధాన్ని తలచుకోండి. శుక్రాచార్యుని కుమారులైన చండామార్కులు గురువులు. రాక్షస బాలకులు సహాధ్యాయులు. బడినుండి వచ్చిన కుమారుని తండ్రి ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఏమి నేర్చుకొన్నావో చెప్పు నాయనా అని ఎంతో ప్రేమతో అడిగాడు. హిరణ్యకశిపుని ఆ ప్రశ్నలో దోషమేమీ లేదు. వచ్చిన జవాబు తాను కోరుకొన్నది కాకపోయేసరికి దానిని వినలేకపోవడమే దోషం. మరొక విశేషం గమనించండి. గురువులు గృహకార్యాలపై వెళ్లిన వేళ, తోటి పిల్లలు ఆటకు పిలిచినప్పుడు, ప్రహ్లాదుడు తన మనసులోని మాటను వారితో చెప్పుకొన్నాడు. ఇంట్లో చెప్పినందుకు ఆగ్రహం ఎదురైన మాటకు, బడి విరామ సమయంలో శ్రోతలు దొరికారు.

ఈ పోటీలో జరిగినదీ దాదాపు ఇదే. ఆ సంగతే ఈ రోజు మీ ముందు ఉంచాలని వచ్చాను.

న్యాయనిర్ణేతలలో ఒకడిగా నేను చూసిన చిత్రాలలో ఒకటి నన్ను ఇబ్బంది పెట్టింది. ఎనిమిదవ తరగతి చదివే నలుగురు పిల్లలు తీశారు. తోటి విద్యార్థుల ముఖాలను వారి ఇంటివారి అనుమతి లేకుండా చిత్రించరాదని మేము నియమం పెట్టినందువల్ల, వారు మన అన్నదానశాలనే బడి భోజనశాలగా మార్చుకొన్నారు. బల్లలు, కుర్చీలు మనవే. కథ చాలా చిన్నది. ఒక బాలునికి ఆ రోజు బడిలో రెండు సంఘటనలు జరిగాయి. బ్యాండులో మొదటిసారి ఒంటరిగా ట్రంపెట్ వాయించి అందరి చప్పట్లు అందుకొన్నాడు. గణితం పరీక్షలో 89 వచ్చింది. ఆ 89 అతనికంటె ముందు ఇల్లు చేరింది. బడివారు మార్కులు నమోదు చేయగానే తల్లి ఫోను మ్రోగింది. సాయంత్రం తలుపు తీస్తూనే ఆమె అడిగింది: "ఎనభై తొమ్మిదేమిటి?" బాలుడు ట్రంపెట్ పెట్టెను మెల్లగా సోఫా వెనుక పెట్టాడు. చిత్రం అక్కడ ముగిసింది.

నేను నా పత్రంలో ఏమి రాశానో దాచకుండా చెబుతాను. "నైపుణ్యం బాగుంది. ఆలయ వేదికకు తగదు." కార్యవర్గంలో మరి కొందరిదీ ఇదే అభిప్రాయం. పండుగ పూట తల్లిదండ్రులను వారి ముందే దోషులుగా నిలబెట్టడం ఏమి మర్యాద అనుకొన్నాము. ముగింపు మార్చమని చెప్పే బాధ్యత నామీద పడింది. పిల్లలను పిలిచి, తల్లి చివరకు నవ్వుతూ కొడుకును దగ్గరకు తీసుకొన్నట్లు చూపవచ్చు కదా అన్నాను. వారిలో ఒక అమ్మాయి ఎంతో వినయంగా అడిగింది: "అంకుల్, ఇందులో అబద్ధం ఏదైనా ఉందా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు మధ్యాహ్నం నా ఫోనూ అలాగే మ్రోగింది. నేనూ మా అబ్బాయిని అదే ప్రశ్న అడిగాను.

అప్పుడు నాకు ఒక నియమం జ్ఞాపకం వచ్చింది. ఈ దేశంలో సి-స్పాన్ సంస్థ ఏటా స్టూడెంట్‌క్యామ్ అనే పోటీ నిర్వహిస్తుంది. 6 నుండి 12 తరగతుల విద్యార్థులు ఒక్కరుగా గాని, ముగ్గురికి మించని బృందంగా గాని, అయిదారు నిమిషాల డాక్యుమెంటరీ తీసి పంపవచ్చు. అందులో ఒక షరతు ఉంది: ఎంచుకొన్న విషయంపై భిన్నాభిప్రాయాలను కూడా చూపాలి. నచ్చని మాటను తీసివేయమనరు, రెండవ మాటను చేర్చమంటారు. నేను పిల్లలతో అన్నాను: "ముగింపు మార్చవద్దు. కాని ఆ తల్లి ఎందుకు అలా అడిగిందో ఆమెనే అడగండి."

వారు తమ ఇళ్లకు వెళ్లి నిజంగానే అడిగారు. ఒక తల్లి చెప్పిన మాటలు అర నిమిషం పాటు చిత్రంలో చేరాయి. మీరు ఇంతకుముందే విన్నారు, అయినా మరల చెబుతాను. ఆమె చిన్ననాట పల్లెటూరి బడిలో చదువుకొన్నారు. ప్రోగ్రెస్ రిపోర్టు ఇంటికి తెస్తే దానిని చదవగలవారు ఇంట్లో లేరు. తండ్రి వేలిముద్ర వేసి తిరిగి ఇచ్చేవారు. తరగతిలో మొదటి స్థానం వచ్చినా, తప్పినా అదే వేలిముద్ర. "నా బిడ్డ మార్కు ప్రతి ఒక్కటీ నేను చూడాలని అప్పుడే అనుకొన్నాను" అన్నారామె. కొడుకు ఆ మాట మొదటిసారి విన్నది కెమెరా వెనుక నిలబడి. ఆ దృశ్యం కొంచెం వణికింది. మరల తీద్దామా అని మిత్రులు అడిగితే, వద్దు, ఇలాగే ఉంచుదాం అన్నాడట.

ఈ సవరణతో చిత్రం మెత్తబడలేదు, నిండుదనం పొందింది. తల్లి దోషిగా మిగలలేదు, బిడ్డ బాధ అబద్ధమూ కాలేదు. నేను చెప్పినట్లు నవ్వుతో ముగించి ఉంటే ఈ రెండూ పోయేవి.

బృందంగా పని చేయడం గురించి కూడా ఒక మాట. చిత్రం తీయడంలో దృశ్యంకంటె శబ్దమే కష్టమని ఈ పిల్లలు తొలిరోజే తెలుసుకొన్నారు. అన్నదానశాలలో వంటగది ఫ్యాను హోరు మాటలను మింగివేసింది. వారిలో ఒక అబ్బాయి నిరుడే భారతదేశం నుండి వచ్చాడు, బడిలో ఎక్కువ మాట్లాడడు. రెండవ ఫోనును బల్లమీద మాట్లాడేవారి దగ్గరగా, పళ్లెం చాటున పెట్టి, దృశ్యానికి ముందు ఒకసారి చప్పట్లు కొడితే రెండు రికార్డులనూ తరువాత ఆ చప్పుడు దగ్గర జత చేయవచ్చని అతడే చెప్పాడు. మాట్లాడడు అనుకొన్నవాడు అందరి మాటలూ వినిపించేలా చేశాడు. ఏ తరగతి మార్కులలోనూ ఇది కనిపించదు. ఏ ఫోనుకూ దీని సమాచారం రాదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. మార్కులు చూడవద్దని నేను అనను. నేనూ చూస్తాను. అయితే ఆ ఫోను మ్రోగిన క్షణానికీ, బిడ్డ గుమ్మంలో అడుగుపెట్టే క్షణానికీ నడుమ మీ ప్రశ్నను కొంచెం ఆపండి. ముందు వారిని చెప్పనివ్వండి. బ్యాగు దించిన తరువాత, నాలుగు ముద్దలు తిన్న తరువాత, ఆ 89 ఎటూ పోదు. ట్రంపెట్ మాట మాత్రం ఆ పూట దాటితే ఇక రాకపోవచ్చు.

పిల్లలకూ ఒక మాట. మీరు అడిగితే పెద్దలకూ చెప్పవలసిన కథలు ఉన్నాయి. ఈసారి కెమెరా ఉంది గనుక అడిగారు. ఇకమీదట కెమెరా లేకున్నా అడగండి.

గుడికీ వీడియోకూ సంబంధమేమిటని అడిగిన పెద్దాయన ఈ సభలోనే ముందు వరుసలో ఉన్నారు. అయ్యా, బిడ్డ చెప్పినది ఓర్పుతో వినడం ఎంత కష్టమో చెప్పే కథను మనం ఈ గుడిలో ఏటా నృసింహ జయంతినాడు పారాయణ చేస్తున్నాము. ఈ ఏడు దానినే పిల్లలు తమ భాషలో మనకు మరల వినిపించారు. అదే సంబంధం.

విజేతలకు, పాల్గొన్న బృందాలన్నిటికీ నా ఆశీస్సులు. వచ్చే ఏటి పోటీకి న్యాయనిర్ణేతగా నన్ను పిలిచినా పిలవకపోయినా, ప్రేక్షకునిగా ముందు వరుసలో ఉంటాను.

స్వస్తి.