అడగలేని ఆకలి
(గ్రామ సంఘముల స్త్రీల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



అడగనిదే అమ్మయినా పెట్టదని మన పెద్దలు చెప్పారు. మాటలు వచ్చిన బిడ్డకు ఆ సామెత సరిపోతుంది. ఎనిమిది నెలల బిడ్డ ఎలా అడుగుతుంది? ఏడుస్తుందిలే అనుకుంటాము. కాని బాగా చిక్కిపోయిన బిడ్డ ఏడవనుకూడా ఏడవదు. ఆడదు, నవ్వదు, పడుకోబెట్టిన చోటనే పడి ఉంటుంది. "మా పాప బుద్ధిమంతురాలు, ఎవరినీ విసిగించదు" అని ఇంటివారు సంతోషిస్తారు. ఆ నెమ్మది బుద్ధి కాదు, నీరసము.

ఇది దూరదేశపు కరువు కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము అయిదేండ్లలోపు పిల్లలలో వయసుకు తగిన ఎత్తు ఎదగనివారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31 మంది, తెలంగాణలో 33 మంది. ఎత్తుకు తగిన బరువు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 16 మంది, తెలంగాణలో దాదాపు 22 మంది. గోదావరి, కృష్ణ పారే నేల మీద, 1983 నుండి చౌకబియ్యము ఎరిగిన ఇండ్లలో ఈ లెక్కలు ఎందుకు వస్తున్నవి? బియ్యము ఉన్నంత మాత్రాన పసిబిడ్డకు తిండి ఉన్నట్లు కాదు గనుక. కారణములు ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది, బిడ్డ ఆకలి తల్లి కడుపులోనే మొదలవుతున్నది. అదే సర్వేలో 20-24 ఏండ్ల స్త్రీలలో 18 నిండకముందే పెండ్లి అయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మందికి పైగా ఉన్నారు. తన ఎదుగుదలే పూర్తికాని పిల్ల తల్లి అవుతున్నది. ఇంటిల్లిపాదీ తిన్న తరువాత మిగిలినదే ఆమె భోజనము. అటువంటి తల్లికి రెండున్నర కిలోలు కూడా తూగని బిడ్డ పుట్టితే ఆశ్చర్యమేమున్నది?

రెండవది, ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోసే ఇండ్లు ఇంకా ఉన్నవి. పుట్టిన గంటలోపల పట్టవలసిన ఆ పాలే బిడ్డకు మొదటి రక్షణ. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మరేదీ, నీళ్లు సహితము, అక్కరలేదు.

మూడవది, అన్నిటికంటె పెద్దది. ఆరు నెలలు నిండినది మొదలు రెండేండ్ల వరకు తల్లిపాలతోపాటు వేరే ఆహారము కావాలి. "పళ్లు రానియ్యండి" అని ఏడాది వరకు ఆపేవారున్నారు. పెట్టినా పలుచని గంజి, చారన్నము, టీలో ముంచిన బిస్కెట్టు. బిడ్డ కడుపు చిన్నది. పెద్దల వలె రెండు పూటలకు సరిపడా ఒకేసారి తినలేదు. రోజుకు మూడు నాలుగు సార్లు, చిక్కగా, కొంచెము కొంచెముగా పెట్టాలి. మన పేదపిల్లలకు మాంసకృత్తుల కొరత ఒక్కటే కాదు, మొత్తముమీద తినే తిండే చాలడము లేదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టరు సి. గోపాలన్, ఆయన సహచరులు ఎన్నడో చూపించారు. అయినను నేటికీ దేశములో 6 నుండి 23 నెలల పిల్లలలో తగిన ఆహారము అందుతున్నది నూటికి 11 మందికే అని ఆ సర్వే చెబుతున్నది.

నాలుగవది జబ్బు. విరేచనాలు పట్టుకోగానే "లంఖణం పరమౌషధం" అని తిండి మాన్పిస్తారు. ఆ మాట పెద్దలకు ఎట్లున్నా పసిబిడ్డకు ప్రమాదము. తల్లిపాలు ఆపరాదు, తిండి ఆపరాదు, ఓ.ఆర్.ఎస్. నీళ్లు పట్టాలి. దిష్టి అనో, గాలి సోకినదనో తాయెత్తు కట్టించి, ప్రార్థనకని కాపరులమైన మా యొద్దకును తెస్తారు. మేము సంతోషముగా ప్రార్థిస్తాము. ఆ తరువాత, "అమ్మా, నిన్న ఈ బిడ్డ ఎన్నిసార్లు తిన్నది?" అని అడుగుతాము. చాలమారులు జవాబు వెంటనే రాదు.

ఎందుకు రాదు? తల్లి ఇంట లేదు గనుక. ఇది అయిదవ కారణము. నాట్లకు, కలుపుకు ఆమె తెల్లవారకముందే పోయి పొద్దుగూకి వస్తుంది. బిడ్డ ముసలమ్మ చేతిలోనో, ఏడేండ్ల అక్క చంకలోనో ఉంటుంది. ఆమెను నిందించే హక్కు మనకు లేదు. ఆనాటి కూలి పోతే ఆనాటి కూర పోతుంది. కాబట్టి ఇది ఒక్క తల్లి తీర్చగల కొరత కాదు, ఊరంతా కలిసి తీర్చవలసినది.

1975 అక్టోబరు 2న ఐ.సి.డి.ఎస్. పథకము ప్రారంభమైనది, దాని అంగన్‌వాడీ మన ఊళ్లలో ఉన్నది. అక్కడ ఇచ్చే బాలామృతము ఇంటిల్లిపాదికీ పంచకుండ బిడ్డకే పెట్టుడి. నెలనెలా తూకము వేయించుడి. పుట్టిన బరువు అయిదు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు కావాలి. ఆరు నెలలు దాటిన అయిదేండ్లలోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ప్రాణాపాయమని తెలిసికొని ఆసుపత్రికి తీసికొనిపోవుడి.

సంఘములకు మా మనవి ఒక్కటే. ఈ ఏటి కలుపు కాలములో మందిరపు వసారాలో పగటిపూట పసిబిడ్డలను చూచుటకు ఇద్దరు పెద్దమ్మలను ఏర్పాటు చేయుడి. ఒక కుండెడు రాగిజావ, మెత్తగా కలిపిన పప్పన్నములో చెంచాడు నూనె, కాసిన్ని మునగాకులు, వీలైననాడు ఉడికించిన గుడ్డు. దీనికి గొప్ప నిధులు అక్కరలేదు, పిడికెడు బియ్యము పట్టే చేతులు చాలు. తల్లి సాయంత్రము వచ్చినప్పుడు ఆమె బిడ్డ ఎన్నిసార్లు తిన్నదో ఆ పెద్దమ్మలు చెప్పగలగాలి. ఈ కూడిక ముగిసి ఇండ్లకు పోకముందే ఆ ఇద్దరి పేర్లు ప్రతి సంఘమువారును వ్రాసి ఇవ్వవలెనని కోరుచు ముగిస్తున్నాము.