వాడేవాళ్ల చేతుల్ని చూస్తే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు చేసే ఉద్యోగం ఏమిటో మాకెవరికీ ఇప్పటిదాకా అర్థం కాలేదు, పదిహేను నిమిషాల్లో చెప్పు" అన్నారు. వ్యవసాయ పరికరాల డిజైన్ నా పని. డిజైన్ అనగానే రంగు, ఆకారం అనుకుంటారు. మా పనిలో అవి చివర వస్తాయి. అంతకుముందు ఏడాదిపాటు కాగితాల మీద, పొలాల్లో నడిచే పని ఉంటుంది. ఆ పనికి కొన్ని పద్ధతులున్నాయి. వాటిలో రెండు మూడు మాత్రమే చెబుతాను.

మొదటిదానికి మనవాడి ఉదాహరణే ఉంది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి పేరు మీరంతా విన్నారు, ఆయన మీద వచ్చిన సినిమా కూడా చూసి ఉంటారు. పోచంపల్లి తరహా చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో దిగేసిన మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు ఆడాలి. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. ఈ పని ఇళ్లలో ఆడవాళ్లదే. ఆయన తల్లి లక్ష్మి గారి భుజాలు ఆ నొప్పితోనే అరిగిపోయాయి.

ఆరో తరగతితో బడి మానేసిన మల్లేశం గారు 1992లో యంత్రం మొదలుపెట్టి 1999లో పూర్తి చేశారు. ఆ పనిలో నాకు కనిపించేది మేం కాలేజీలో నేర్చుకున్న మొదటి పద్ధతే. వస్తువును భాగాలుగా కాక పనులుగా విడగొట్టడం. దారం పట్టుకోవాలి, మేకు దాకా తీసుకెళ్లాలి, మేకు చుట్టూ తిప్పాలి, పక్క మేకుకు జరగాలి. అన్నీ క్రియలే, చూడండి. "చెయ్యి లాంటి యంత్రం చేద్దాం" అని కూర్చుంటే చెయ్యి దగ్గరే ఆగిపోతాం. పనులుగా రాసుకుంటే ఒక్కోదానికి విడిగా జవాబు వెతకవచ్చు, ఏది తెగలేదో కూడా తెలుస్తుంది. ఆయనకు తెగనిది మేకు చుట్టూ దారం తిప్పడం. దానికి జవాబు మగ్గం దగ్గర దొరకలేదు. హైదరాబాద్ బాలానగర్‌లో ఒక యూనిట్‌లో పనిచేస్తూ, వేరే పనికి వాడే యంత్రం కదలికలో చూశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. యంత్రానికి తల్లి పేరు పెట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

సోవియట్ యూనియన్‌లో ఆల్ట్‌షుల్లర్ అనే ఆయన వేల పేటెంట్లు చదివి 'ట్రిజ్' అనే పద్ధతిని కట్టాడు. అందులో ముఖ్యమైన మాట ఒకటి, నీ చిక్కుకు వేరే రంగంలో ఎవరో ఈపాటికే జవాబు కనిపెట్టి ఉంటారని. మా ఆఫీసులో దానికి మూడు రోజుల శిక్షణ ఇస్తారు. బాలానగర్‌లో ఒక వారం తిప్పినా చాలని నా అభిప్రాయం.

ఇంకో పద్ధతి జపాన్‌ది. కొనేవాళ్ల కోరికలు ఎడమవైపు, ఇంజనీరు కొలవగలిగే అంశాలు పైన రాసి, ఏది దేనికి ముడిపడిందో గళ్లలో నింపుతారు. 1970లలో కోబేలోని ఓడల కర్మాగారంలో వాడి పేరు తెచ్చారు. మంచి పట్టికే. ఎడమవైపు వరసను ఏసీ గదిలో కూర్చుని రాస్తే మాత్రం దండగ.

నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్నది మూడోది. ఇంగ్లీషు అక్షరాల్లో ఎఫ్.ఎం.ఇ.ఎ. అంటారు. వస్తువు ఎలా ఎలా చెడిపోవచ్చో ముందే జాబితా రాయడం. ప్రతి చెడుకూ మూడు మార్కులు. ఎంత హాని, ఎంత తరచు, ముందుగా పసిగట్టడం ఎంత కష్టం. ఒక్కోటి ఒకటి నుంచి పది వరకు. మూడూ గుణిస్తే వచ్చే అంకె పెద్దదైతే ముందు దాన్ని సరిచేస్తారు.

వీపుకు తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయర్ ఒకటి మా దగ్గర తయారవుతోంది. ట్యాంకు పదహారు లీటర్లు. పాత జాబితాలో ఒక వరస ఉంది. "నాజిల్ మూసుకుపోవుట. ఫలితం: పిచికారీ తగ్గును." హానికి మూడు, తరచుకు ఎనిమిది, పసిగట్టడానికి రెండు. మొత్తం 48. కాబట్టి అడుగున ఉండిపోయింది.

పత్తి చేలో రెండు రోజులు కూలీల వెంట నడిచాం. మందు కొట్టే ఆమె నాజిల్ మూసుకుపోగానే మర తిప్పి ఊడదీసింది, నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదింది, ఉమ్మేసి మళ్లీ బిగించింది. సాయంత్రం లోపల ఆరుసార్లు లెక్కపెట్టాను. "అలా ఊదొద్దమ్మా, విషం" అన్నాను. "మరి దేంతో తియ్యను సారూ? పుల్ల పెడితే బెజ్జం పెద్దదవుద్దని ఆసామి తిడతాడు" అంది. నోటితో ఊదవద్దని డబ్బాలోని పుస్తకంలో ఉంది, ఇంగ్లీషులో.

తిరిగొచ్చాక హాని గడిలో మూడు కొట్టేసి తొమ్మిది వేయించాం. 48 కాస్తా 144 అయింది. గుణకారం మారలేదు, ఫలితం అన్నచోట రాసిన మాట మారింది. 2017లో యవత్మాల్ పత్తి చేలలో మందు కొడుతూ కూలీలు చనిపోయిన వార్త ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా ఖర్చు లెక్క దగ్గర వాదన రెండు వారాలు నడిచింది.

పిడికి ఒక చిన్న బ్రష్ తగిలించి ఇచ్చాం. నెల తర్వాత వెళ్లి చూస్తే సగం బ్రష్‌లు లేవు, ఊదడం మామూలే. అందుకని నాజిల్‌ను వదిలి వెనక్కి వెళ్లాం. ట్యాంకు మూతి దగ్గర సన్నని జల్లెడ, పిడిలో ఇంకో జల్లెడ. చెత్త నాజిల్ దాకా రాకపోతే ఊదే పనే ఉండదు. రోజుకు ఆరుసార్లు ఊదేది ఇప్పుడు ఒకటికి దిగింది. ఆ ఒకటి మీద ఇంకా పనిచేస్తున్నాం.

మన బడిలో ఏటా సైన్స్ ఫెయిర్‌లో డ్యామ్, రాకెట్ నమూనాలు చూస్తున్నాం. బాగుంటాయి. ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లల్ని మధ్యాహ్న భోజనం వంటగదికి పంపి, వండే అక్కలు గంటలో ఎన్నిసార్లు వంగుతున్నారో, ఎంత బరువు ఎత్తుతున్నారో లెక్క రాయిద్దామని హెడ్‌మాస్టరు గారిని అడిగాను. ఒప్పుకున్నారు. కొలవడానికి స్ప్రింగ్ తూకం, టేపులు నేను తెస్తాను. జనవరిలో మొదటి రెండు శనివారాలు పిల్లల పక్కన నిలబడటానికి నలుగురు పెద్దవాళ్లు కావాలి. వెల్డింగ్, వడ్రంగం తెలిసినవాళ్లు మన బ్యాచ్‌ల్లో ఉన్నారు, వాళ్లు వస్తే ఇంకా మంచిది. భోజనాల దగ్గర నాకు పేర్లు ఇవ్వండి.