1897: విజయనగరం, టోక్యో
(గురజాడ స్మారకోపన్యాసం)

గురజాడ పేరిట జరిగే సభలో జపాను ఊసెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. కారణం 1897. ఆ ఏడాది విజయనగరంలోనూ టోక్యోలోనూ ఇద్దరు రచయితలు ఒకే చోట వేలు పెట్టారు. అది పెళ్లి వెనక నడిచే డబ్బు.

ముందు జపాను సంగతి. మెయిజీ ప్రభుత్వం వచ్చి అప్పటికి 29 ఏళ్లు. 1894-95 యుద్ధంలో చైనాను ఓడించి రాబట్టిన పరిహారం దన్నుతో, 1897 అక్టోబరులో ఆ దేశం వెండిని వదిలి బంగారు ప్రమాణానికి మారింది. క్యోటోలో రెండో ఇంపీరియల్ విశ్వవిద్యాలయం వెలసిందీ ఆ ఏడాదే. బయటివాళ్లకి అంతా కొత్తగా, దర్జాగా కనిపించేది. ఇంటిలోపలి సంగతి వేరు. జనవరి 1న యోమియురి పత్రికలో ఓజాకి కోయో 'కొన్జికి యాషా' అనే సీరియల్ మొదలుపెట్టాడు. అందులో కథానాయకుడు కాన్ఇచి తల్లీతండ్రీ లేని కుర్రాడు. తనను పెంచిన ఇంటి పిల్ల మియానే అతనికి ఇవ్వాలనుకున్నారు. ఇంతలో వేలికి వజ్రపుటుంగరం మెరిపిస్తూ బ్యాంకరు కొడుకొకడు వచ్చాడు. పెద్దలు అటు మొగ్గారు, పిల్లా కాదనలేదు. జనవరి 17 రాత్రి అటామి సముద్రపొడ్డున కాన్ఇచి ఆమెను కాలితో తన్ని వెళ్లిపోయి, చివరికి వడ్డీవ్యాపారి అయ్యాడు. డబ్బు చేతిలో దెబ్బతిన్నవాడు డబ్బుకే బంటయ్యాడన్నమాట.

ఇక మన సంగతి. అప్పటికి విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలో ఆ ఏడాది కరువు. 1892లోనే విజయనగరం రంగస్థలమెక్కిన గురజాడ నాటకం 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. అంకితం పుచ్చుకున్న ఆనందగజపతి మహారాజు ఆ ఏడాదే కన్నుమూశారు.

ఆయన చేయించిన పని ఒకటి మనం మరిచిపోకూడదు. విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కవివాహాలకు పట్టిక వేయించారు. లెక్కకు చిక్కినవి 1,034. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరాలు కుదిరేవని గురజాడే నాటకం పీఠికలో రాశారు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి ఎవరు ముందుకొస్తారు? కాబట్టి అసలు లెక్క ఇంతకంటే పెద్దదే.

మరి చట్టం ఏం చేసింది? ఈ శుల్కవివాహాలను ఆపాలని మహారాజు మద్రాసు శాసనమండలిలో తెచ్చిన బిల్లు నెగ్గలేదు. పరాయి దొరతనం కనుక అంతేననుకుందామా? సొంత ప్రభుత్వమున్న జపాను 1898లో కొత్త సివిల్ కోడ్ తెచ్చి, పెళ్లికి ఇంటి యజమాని సమ్మతి తప్పనిసరి చేసింది. 25 ఏళ్లు నిండని స్త్రీకి తల్లిదండ్రుల అనుమతి కూడా ఉండాలంది. కొత్త చట్టం పాత పెత్తనానికే ముద్ర వేసింది.

చట్టం ముట్టుకోని దాన్ని నాటకం నవ్వుతో పట్టుకుంది. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి లుబ్ధావధాన్లకు పెళ్లికూతురిగా అంటగడతాడు. వరుడు చూసుకున్నది వెల ఎంత తగ్గిందనే. ఆడపిల్లకు ధర కట్టే సంఘంలో మగపిల్లాడికి చీర కట్టి అమ్మినా బేరం కుదురుతుందని చూపడానికి గురజాడకు ఉపన్యాసం అక్కర్లేకపోయింది. మన వీధుల్లో మాట్లాడే మాటే చాలింది. ఆ బేరసారాలను తన గొంతులోనే విన్న ప్రేక్షకుడు ఇది పక్కింటివాళ్ల గొడవని తప్పించుకోలేడు.

ఇప్పుడు బేరం దిశ మారింది. కన్యాశుల్కం పోయి వరకట్నం వచ్చింది. 1961లో నిషేధ చట్టమూ వచ్చింది. పుచ్చుకున్న సొమ్ము సంగతి బయటికి చెప్పేవాళ్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. గురజాడ పేరు చెప్పుకునే మనం ముందుగా చేయాల్సింది మన ఊళ్లో, మన బంధువర్గంలో జరిగిన పెళ్లిళ్లకు ఆ మహారాజు వేయించినట్టే ఒక పట్టిక వేయడం. మొదటి వరుసలో మన ఇంటి పెళ్లే రాద్దాం.