రెండు వాక్యములు, నడుమ ఒక్క ‘హూ’

ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకములలో ఒక అభ్యాసము తప్పక యుండును. వాక్యములను జంటలుగా నిచ్చి, ప్రతి జంటను ఒక్క వాక్యముగా కలుపుమందురు. ‘ఆ మనుష్యుని నేనెరుగుదును. అతడు మామిడిపండ్లు అమ్మును’ అను రెండు మాటలు ‘ఐ నో ది మ్యాన్ హూ సెల్స్ మాంగోస్’ అని యొక్కటి కావలెను. పరీక్షకు చదువుకొను పిల్లలున్న యిండ్లలో ఇది పరిచితమైన వ్యవహారమే. హూ, హూజ్, హూమ్, విచ్, దట్ అను సంబంధ సర్వనామములు ఈ అతుకుపని చేయును. మనుష్యులకు హూ, వస్తువులకును జంతువులకును విచ్. సర్వనామము తన నామమును అంటిపెట్టుకొని నిలువవలెను. ఇంతవరకు పిల్లలు తడబడరు. తడబాటు వేరొకచోట మొదలగును. దానికి కారణము మన తెలుగులోనే యున్నదని మా అభిప్రాయము.

తెలుగున ఈ పనికి సర్వనామముతో అవసరము లేదు. క్రియయే విశేషణమై నామమునకు ముందు నిలుచును. వ్యాకరణము దీనిని ధాతుజ విశేషణమనును. ‘చదివిన’ అను నొక్క మాటను తీసికొనుడు. చదివిన బాలుడు, చదివిన పుస్తకము, చదివిన బడి. బాలుడు చదివినవాడు, పుస్తకము చదువబడినది, బడి చదువు జరిగిన చోటు. సంబంధము మూడు విధములు. మాట మాత్రము మారలేదు. వినువాడు గ్రహించుకొనునులే యని తెలుగునకు నమ్మకము. ఇంగ్లీషునకు ఆ నమ్మకము లేదు. బాలునికి ‘హూ రెడ్’, పుస్తకమునకు ‘విచ్ హి రెడ్’, బడికి ‘ఇన్ విచ్ హి స్టడీడ్’ అని విప్పి చెప్పవలసినదే. కనుకనే మన పిల్లవాడు ‘ది స్కూల్ విచ్ ఐ స్టడీడ్’ అని వ్రాసి, ‘ఇన్ ఏదిరా?’ అని యడిగినప్పుడు తెల్లబోవును. వానిని కోపపడి ప్రయోజనము లేదు. ‘నేను చదివిన బడి’ అన్నప్పుడు వాని భాషలో ‘లో’ కానరాదు గదా!

‘హూ’ అన్నచోటనెల్ల ‘ఎవరైతే’, ‘విచ్’ అన్నచోటనెల్ల ‘ఏదైతే’ అని చెప్పించుట మాకు రుచింపదు. ‘ఏ ఎండకా గొడుగు’ అన్న సామెతలోని పొందిక తెలుగుదే. కాని ‘ఎవరైతే నిన్న వచ్చినారో ఆ బాలుడు’ అనుట మాత్రము ‘నిన్న వచ్చిన బాలుడు’ అను చక్కని మాటను గుడ్డలో చుట్టి యిచ్చినట్లుండును. మైకు ముందు కూర్చుండు మేమును ఈ దోషమునకు దూరులము కాము.

ఇక కామా సంగతి. ‘ది స్టూడెంట్స్ హూ కేమ్ లేట్ వర్ ఫైన్డ్’ అని ఏకధాటిగా వ్రాసిన, ఆలస్యముగా వచ్చినవారికే జరిమానా. ‘స్టూడెంట్స్’ తరువాత ఒకటి, ‘లేట్’ తరువాత ఒకటి కామాలుంచిన, విద్యార్థులందరును ఆలస్యముగానే వచ్చిరి, అందరును చెల్లింపవలసినదే. చదివి వినిపించువానికి ఈ కామాయే విరామము. మొదటి అర్థమును తెలుగున ‘ఆలస్యముగా వచ్చిన విద్యార్థులకు’ అని యొక్క వాక్యములో చెప్పవచ్చును. రెండవదానికి రెండు వాక్యములుండుట మేలు.

ఈ భేదము మేము పుస్తకమున చదివియు, పనిలో మరచితిమి. మా ఉద్యోగపు తొలినాళ్లలో, వరదలు తీసిన తరువాత, ఇంగ్లీషులో నొక ప్రకటన వచ్చినది. బ్లీచింగ్ పౌడరు కలిపిన నూతుల నీరు వాడుకొనవచ్చునని దాని భావము. అందు ‘విచ్’ ఉన్నది, కామా లేదు. పొడుగు వాక్యములను చెవి మోయలేదు, విరువవలెనని పెద్దలు మాకప్పుడే నేర్పియుండిరి. ఆ ఉత్సాహములో మేము ‘నూతులలో బ్లీచింగ్ పౌడరు కలిపినారు. ఆ నీరు వాడుకొనవచ్చును’ అని వ్రాసితిమి. వినుటకు హాయిగానే యున్నది. కాని ఇంకను మందు కలుపని నూతుల మాటేమి? కలరా భయమున్న దినములవి. ప్రసారమునకు ముందు కాగితము చూచిన పెద్దాయన ఏమియు అనక, నడిమి చుక్కను కొట్టివేసి, ‘కలిపిన నూతుల నీరు మాత్రమే’ అని దిద్ది మా చేతికిచ్చిరి. ‘మాత్రమే’ యన్నది ఇంగ్లీషులో లేదు. కామా లేకపోవుటయే అచ్చట ఆ మాట. నాటినుండి ‘విచ్’ కనిపించిన ప్రతిచోట, వాక్యమును విరుచుటకు ముందు, కామా కొరకు వెదకుట మాకు అలవాటైనది.

ఇంటిలో పిల్లలకు ఈ భేదము తెలుపుటకు సూత్రముకంటె చెవియే సులువైన దారి. ‘మై బ్రదర్ హూ ఈజ్ ఇన్ విశాఖపట్నం ఈజ్ ఎ డాక్టర్’ అను వాక్యమును ఒకసారి ఆగక చదువుడు. మరల ‘బ్రదర్’ వద్దను, ‘విశాఖపట్నం’ వద్దను ఆగి చదువుడు. చదివిన ప్రతిసారియు, ఈ మాట చెప్పినవానికి అన్నదమ్ములెందరురా అని యడుగుడు.